బెరయవారివలె పరిశీలింతము

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 17:10–12
తోడు వాక్యములు: సామెతలు 14:15, 18:17, లూకా 14:28–30, 1 థెస్సలొనీకయులకు 5:21



మిరపకోతల దినములలో మన ప్రత్తిపాడు ప్రాంతమున ఏ కళ్లము చూచినను ఒకే పని జరుగుచుండును. ఎండిన కాయలను పరచి, ఆడవారు వరుసగా కూర్చుండి తాలుకాయలను ఏరుచుందురు. ఎఱ్ఱనికాయ ఒక ప్రక్కకు, తాలుకాయ ఒక ప్రక్కకు పోవును. తాలు కలిసిన టిక్కీ గుంటూరు యార్డుకు చేరినచో ధర ఎంత దిగిపోవునో మీకు మేము చెప్పనక్కరలేదు. కాయను ఇంత జాగ్రత్తగా ఏరు మనము, చెవిని బడిన మాటను మాత్రము ఏరుట లేదు. ఫోనులో వచ్చినది, రచ్చబండమీద విన్నది, ఎన్నికల వేదికమీద చెప్పినది, ఒక్కొక్కప్పుడు ప్రసంగపీఠమునుండి మావంటివారు చెప్పినది సయితము తాలుతోకూడ మూటగట్టుకొని యింటికి పోవుచున్నాము. ఈ నెల పాఠము ఈ విషయమును గూర్చియే.

1. బెరయవారు పౌలునే పరీక్షించిరి

థెస్సలొనీకలో అల్లరి లేచుటచేత పౌలును సీలయు రాత్రివేళ బయలుదేరి బెరయకు వచ్చిరి. అక్కడి సమాజమందిరములో బోధించిరి. వినినవారు రెండు పనులు చేసిరని లూకా తెలుపుచున్నాడు. మొదట వారు ఆసక్తితో విని వాక్యమును చేర్చుకొనిరి. పిమ్మట, చెప్పబడినది నిజమేనా అని దినదినము లేఖనములలో వెదకి చూచిరి.

ఇందు మూడు సంగతులు గమనింపవలెను. వారు పరీక్షించినది దొంగబోధకుని కాదు, అపొస్తలుడైన పౌలును. అయినను పౌలు నొచ్చుకొన్నట్లు ఎక్కడను లేదు. లూకా వారిని ఘనులని మెచ్చుకొనుచున్నాడు. రెండవది, వారు ఒక్కనాడు సందేహించి ఊరకుండలేదు, ప్రతిదినమును వెదకిరి. మూడవది మిక్కిలి ముఖ్యమైనది. పండ్రెండవ వచనమును చూడుడి. వెదకినందువలన వారి విశ్వాసము చల్లారిపోలేదు. వెదకినందుననే అనేకులు విశ్వసించిరి. సత్యము పరీక్షకు భయపడదు. పరీక్షకు భయపడునది అబద్ధమే.

2. మేము ఒప్పుకొనవలసిన తప్పిదము

ఈ పాఠము మీకు చెప్పుటకు ముందు మా తప్పు మేము చెప్పవలెను. కొన్ని యేండ్ల క్రిందట ఒక మనుష్యుడు మా ఆరాధనకు వచ్చెను. చేతిలో బైబిలు, నోట మంచి ప్రార్థన. తాను నడుపు పొదుపులో సొమ్ము వేసినవారికి నెలకు నూటికి ఐదు రూపాయల లాభము వచ్చుననియు, అందులో పదియవవంతు దేవుని పనికి ఇత్తుననియు చెప్పెను. ఆరాధన ముగిసిన పిమ్మట రెండు మాటలు చెప్పుకొనుమని మేమే అతనికి సెలవిచ్చితిమి. అంతటితో నిలువక, మంచి సాక్ష్యముగల సహోదరుడని మేమును ఒక మాట కలిపితిమి.

సంఘములోని ఒక విధవరాలు మిరపకాయలు కోసి దాచుకొనిన ఇరువదివేల రూపాయలను అతని చేతిలో పెట్టెను. అది కుమార్తె చదువునకై కూర్చుకొన్న సొమ్ము. మూడు నెలలు వెయ్యేసి రూపాయలు వచ్చినవి. నాల్గవ నెల రాలేదు. ఆరవ నెల అతని ఫోను మ్రోగలేదు. మేము ఆమె యింటికి వెళ్లితిమి. ఏమి చెప్పుటకును మాకు నోరు రాలేదు. ఆమె మమ్మును తిట్టలేదు. “అయ్యగారూ, ఆయన్ను చూసి వేయలేదండీ, మీరు చెప్పారని వేశాను” అని మాత్రము అనెను. ఆ ఆదివారమును ఆమె గుడికి వచ్చి ఎప్పుడును కూర్చుండు చాపమీదనే కూర్చుండెను. ఆ దినమున ప్రసంగము చేయుట మాకు ఎంత భారమైనదో దేవునికే తెలియును.

ఆ సొమ్ము కొద్దికొద్దిగా మేము ఆమెకు చేర్చుచున్నాము. ఇది గొప్ప కాదు, న్యాయమే. అయితే సొమ్ము తీర్చినంతమాత్రమున ఋణము తీరదు. బెరయవారు పౌలునే పరీక్షించిరని ఆమెకు మేము ముందుగా నేర్పియుండినచో, ఆమె మమ్మును పరీక్షించియుండెడిది. నేర్పవలసినవారము నేర్పకపోతిమి. అందువలననే ఈ పాఠము.

3. ధనము: లెక్క వేసి చూడుడి

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పెను. లెక్క చూచుట అవిశ్వాసమని ఆయన చెప్పలేదు.

నెలకు నూటికి ఐదు రూపాయలనగా ఏడాదికి నూటికి అరువది. బ్యాంకు డిపాజిటుమీద ఏడాదికి వచ్చునది నూటికి ఆరో ఏడో రూపాయలు. అరువది యిచ్చువాడు ఏ వ్యాపారముచేసి తెచ్చుచున్నాడని ఒక్క ప్రశ్న అడిగిన చాలును. ఆ విధవరాలికి వచ్చిన మూడువేలు లాభము కాదు. ఆమె యిచ్చిన ఇరువదివేలలోనివో, ఆమెవంటి మరియొకరు ఇచ్చినవో అయియుండును. మొదటి నెలలలో సొమ్ము సరిగా వచ్చుట నమ్మకమునకు ఋజువు కాదు. అది గాలమునకు గ్రుచ్చిన యెఱ.

ఇట్టిది మన యూరి కథ మాత్రమే కాదు. అగ్రిగోల్డు సంస్థ 2014–15 సంవత్సరములలో కూలిపోయినప్పుడు లక్షలకొలది డిపాజిటుదారులు వీధిని పడిరి. అందు చదువుకొన్నవారును కలరు, చదువులేనివారును కలరు. చాలమందిని చేర్చినది పొరుగువాడో బంధువో అయిన ఏజెంటు. తెలిసినవాడు చెప్పుట వేరు, తెలిసి చెప్పుట వేరు.

అప్పు విషయమునను అంతే. “రెండు రూపాయల వడ్డీయే” అందుము. నెలకు రెండు అనగా ఏడాదికి ఇరువదినాలుగు. పదివేలు తెచ్చి మూడేండ్లు తీర్చక, ఏడాదికొకసారి వడ్డీని అసలులో కలుపుచు పోయినచో అది 19,066 రూపాయలగును. మూడు రూపాయల వడ్డీ అయినచో 25,154 రూపాయలు దాటును. ఒక్క రూపాయి భేదము మూడేండ్లలో ఆరువేలకుపైగా భేదమైనది. ఈ లెక్క ఏడవ తరగతి పిల్లవాడు వేయగలడు. నోటుమీద వ్రేలిముద్ర వేయుటకు ముందు మన పిల్లలచేత వేయించుచున్నామా?

ప్రత్తిపంట మనకు మరియొక పాఠము నేర్పినది. 1980 తరువాతి యేండ్లలో గుంటూరు, ప్రకాశము జిల్లాల చేలమీద తెల్లదోమ, కాయతొలుచు పురుగు పడినవి. రైతులు మందుపై మందు కొట్టిరి. ఆ మందులు పురుగును తిను మిత్రపురుగులను కూడ చంపినవి. మందులకు అలవాటుపడిన పురుగు మాత్రము మిగిలినది. 1987–88లో అప్పులు తీర్చలేక ప్రత్తిరైతులు ప్రాణములు తీసుకొనిరి. మందు అమ్మినవాడే ఏ మందు కొట్టవలెనో చెప్పెను; ఆ మందునకు అప్పు పెట్టినదియు వాడే. మరల 2021–22లో నల్లతామర పురుగు మిరపతోటలను పాడుచేసినప్పుడును అనేకులు దుకాణములో ఇచ్చిన సీసానెల్ల పోసిరి. అమ్మువానిని అడుగుట తప్పు కాదు. అమ్మువానిని మాత్రమే అడుగుట తప్పు. లాం పరిశోధనాస్థానము గుంటూరు ప్రక్కనే యున్నది; వ్యవసాయాధికారి మండలములో నున్నాడు; పొరుగుచేనిలో తక్కువ ఖర్చుతో పండించిన రైతు ఉన్నాడు. ముగ్గురిని అడిగి పిమ్మట సీసా కొనుడి.

4. చరిత్ర: రెండవ పక్షమును కూడ వినుడి

మొదట వ్యాజ్యెము చెప్పువాని మాట న్యాయముగా తోచును. ఎదుటివాడు వచ్చి ప్రశ్నించినప్పుడు సంగతి బయటపడునని సొలొమోను బోధించుచున్నాడు (సామెతలు 18:17). చరిత్రకు ఇది మంచి సూత్రము.

“మీ తాతలు కరవులో గంజికొరకు మతము మార్చుకొనిరి” అని మన పిల్లలను బడిలోను ఫోనులోను ఎగతాళి చేయువారున్నారు. పిల్లలు సిగ్గుతో తలవంచుకొందురు, లేదా కోపముతో తగవులాడుదురు. రెండును అవసరము లేదు, జరిగినదేమో తెలిసికొందము.

1876–78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలున ఉండిన అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ క్లౌ దొర, బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగమును కాంట్రాక్టు తీసికొని వేలమందికి పని చూపెను. ఊరక గంజి పోయలేదు. పనికి కూలి యిచ్చెను. అన్నముకొరకు వచ్చినవారెవరో విశ్వాసముతో వచ్చినవారెవరో తెలియదు గనుక, కరవుపని జరుగుచున్నంతకాలము బాప్తిస్మములు ఆపివేసెను. సహాయము ముగిసిన పిమ్మటనే 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మమియ్యబడెను. అంతేకాదు, ఆ ప్రాంతమున మొదటి విశ్వాసులలోనివాడైన యెఱ్ఱగుంట్ల పేరయ్య కరవునకు పదియేండ్లు ముందే ప్రభువును ఎరిగినవాడు. ఇటు గుంటూరులో లూథరన్ మిషనెరీ హేయర్ అయ్యగారు 1842 జూలై 31న అడుగుపెట్టిరి. కనుక గంజికథ ఒక్కటే నిజమనుట తాలు.

అయితే బెరయవారు తమకు ఇంపైన సగముతో ఆగలేదు గదా. రెండవ సగమును కూడ చెప్పుకొందము. కరవులో తమకు ఎవరు అండగా నిలిచిరో జనులు చూచిరి; ఆ ఆదరణ వారి మనస్సులను తాకలేదనుట నిజము కాదు. అంటరానివారిగా ఎంచబడినవారు గౌరవమును, చదువును కూడ కోరి వచ్చిరి. అది సిగ్గుపడవలసిన కోరిక కాదు. ప్రభువు రోగిని స్వస్థపరచినప్పుడు నీవు స్వస్థతకొరకే వచ్చితివా అని తరిమివేయలేదు. జనులు కులములు కులములుగా సంఘములో చేరిరనుటయు నిజమే. ఒంగోలు ప్రాంతమున ఎక్కువగా మాదిగలు, గుంటూరు ప్రాంతమున ఎక్కువగా మాలలు చేరిరి. ఆనాటి గోడ నేటికిని మన సంఘములలో నిలిచియున్నది. దానిని గూర్చి ముందు చెప్పెదము.

5. రాజకీయము: ఎవరికి లాభము, ఎవరికి అధికారము అని అడుగుడి

మన ప్రక్కనున్న పెదనందిపాడు పేరు దేశచరిత్రలో నిలిచినది. 1921–22లో ఆ ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున ప్రభుత్వమునకు శిస్తు కట్టక నిలిచిరి. గ్రామోద్యోగులనేకులు రాజీనామాలిచ్చిరి. 1922 ఫిబ్రవరిలో ఆ ఉద్యమము విరమింపబడెను. అది ధైర్యమైన కార్యము, మనము గౌరవింపవలెను. అదే సమయమున, శిస్తు భూమిగలవాడు కట్టునది గదా, ఆ భూములలో కూలిచేసిన మన పెద్దలకు ఆ పోరాటమునుండి ఏమి దక్కెను అని అడుగుట దేశద్రోహము కాదు. గౌరవమును ప్రశ్నయు ఒక హృదయములో ఇముడును.

నేటి సంగతి చూతము. మన ప్రత్తిపాడు శాసనసభ నియోజకవర్గము 2009 ఎన్నికలనుండి షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడినది. అందుచేత మన పేటలకు వాగ్దానములు ఎక్కువగా వచ్చును. “క్రైస్తవులైన దళితులకు ఆ హోదా మేము తెచ్చెదము” అనునది అందులో ఒకటి. సంగతి తెలిసికొందము. 1950లో రాష్ట్రపతి యిచ్చిన ఉత్తరువు హిందువులు కానివారిని షెడ్యూల్డు కులములలో లెక్కింపలేదు. పార్లమెంటు చట్టములవలన 1956లో సిక్కులును, 1990లో బౌద్ధులును అందులో చేర్చబడిరి. క్రైస్తవులు చేర్చబడలేదు, మన రాష్ట్రమున వారు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గములో నున్నారు. 2023 మార్చిలో మన శాసనసభ దీనిని మార్చవలెనని తీర్మానించి కేంద్రమును కోరెను. కోరగలదు గాని మార్చలేదు. చట్టముచేసి ఆ జాబితాను మార్చు అధికారము పార్లమెంటుది. కాబట్టి ఈ వాగ్దానము చేయువానిని ఒక్కటే అడుగుడి: “అయ్యా, అది మీ చేతిలో ఉన్న పనియేనా?”

ఏ పార్టీకి ఓటు వేయవలెనో మేము చెప్పము. చెప్పినను మీరు వినవద్దు. లంచము చూచువాని కన్నులకు గ్రుడ్డితనము కలుగజేయునని ధర్మశాస్త్రము హెచ్చరించుచున్నది (నిర్గమకాండము 23:8). ఓటునకు నోటు తీసికొనినవాడు అయిదేండ్లవరకు ప్రశ్న అడుగు నోటిని అమ్ముకొనినట్లే. సంఘకాపరికి కవరు అందినదని తెలిసినచో, ఆ కాపరిని కూడ సంఘము అడుగవలెను.

6. అభివృద్ధి: వెనుక మిగిలినదెవరు?

డాబా యిల్లు, మోటారుసైకిలు, ఇంగ్లీషు బడి: వీటిని చూచి అభివృద్ధి వచ్చినదందుము. వచ్చినమాట నిజమే, దేవునికి స్తోత్రము. అయితే 1985 జూలై 17న అప్పటి ప్రకాశము జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులు చంపబడిరి. త్రాగునీటి చెరువును మురికిచేయవద్దన్నందుకు మొదలైన తగవు అది. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనమండుగురు చంపబడిరి. ఆ దినములలో ఈ ప్రాంతము పైరులలోను సొమ్ములోను వెనుకబడినది కాదు. కాలువలు పారెను, పంటలు పండెను; కాని మనిషికి మనిషి విలువ దిగుబడి కాలేదు. సంపద పెరుగుట వేరు, న్యాయము పెరుగుట వేరు.

ఎదుటివారి గోడను చూపుట తేలిక. మన గోడ మాటయేమి? ఒకే ప్రభువు బల్లలో పాలుపొందు మనకు ఒకే యూరిలో రెండు గుడులెందుకు? మాల పేటకొకటి, మాదిగ పేటకొకటి ఎందుకు? పెండ్లిమాట వచ్చినప్పుడు గలతీయులకు 3:28 ఏ మూలకు పోవుచున్నది? చందా పుస్తకములో స్త్రీల పేర్లు నిండుగా నుండగా, లెక్కలు చూచు కమిటీలో వారు ఎందరున్నారు? ఈ ప్రశ్నలు బయటివారు అడుగకమునుపే మనమే అడుగుకొనుట మేలు.

ఒక మంచి సాక్ష్యమును తలంచుకొందము. అన్నా సారా కుగ్లర్ వైద్యురాలై యుండియు, మిషను పెద్దలు ఆమెను వైద్యమునకై పంపలేదు. వేరే పనిమీద 1883లో గుంటూరునకు పంపిరి. ఇక్కడి స్త్రీల బాధ చూచి ఆమె వైద్యము మానలేదు. 1898లో గుంటూరున స్త్రీల ఆసుపత్రి తెరువబడెను. ఆమె పెద్దలను ధిక్కరింపలేదు. పెద్దలకు కనబడనిదానిని తాను చూచి, ఓపికతో వారికి చూపెను. స్వంతముగా ఆలోచించుటయనగా ఇదియే.

7. ఒక సందేహము

“అయ్యగారూ, ఇట్లు ప్రతిదానిని ప్రశ్నించినచో విశ్వాసము పోదా?” అని కొందరు అడుగుదురు. కన్యయైన మరియ దేవదూతనే, ఇది యెట్లు జరుగునని అడిగెను. అడిగి, విని, లోబడెను. నీకొదేము తోటి అధికారులను, మనిషి మాట వినకముందు తీర్పు తీర్చవచ్చునా అని అడిగెను (యోహాను 7:51). ప్రశ్నలో రెండు రకములున్నవి: తప్పించుకొనుటకు అడుగునది, తెలిసికొనుటకు అడుగునది. మొదటిది గర్వము, రెండవది వినయము.

స్వంతముగా ఆలోచించుటయనగా ఎవరి మాటయు విననని భీష్మించుట కాదు. బెరయవారు ఒంటరిగా కాదు, కూడి వెదకిరి. మన తలంపును కూడ మనము పరీక్షింపవలెను. మనకు ఇంపైన మాటను రెండింతలుగా పరీక్షింపవలెను. ఫోనులో ఏదైన వచ్చినప్పుడు ఇతరులకు పంపకమునుపు నాలుగు ప్రశ్నలు వేసికొనుడి: చెప్పినవానికి ఎట్లు తెలిసెను? రెండవ పక్షమువారు ఏమందురు? దీనివలన ఎవరికి లాభము? ఇది పొరుగువానిపై నా ప్రేమను పెంచునా, తుంచునా? జవాబు దొరకనిదానిని పంపకుడి. తాలుకాయను పొరుగువాని కళ్లములో పోయువాడు మంచి రైతు కాడు.

మా సంఘపెద్దలు ఒక తీర్మానము చేసిరి. ఇకమీదట ఆరాధనలో ఏ పొదుపును, చీటిని, భూమిబేరమును గూర్చి ప్రకటన చేయరాదు. చేసినచో ఎవరైనను లేచి ఆపవచ్చును, చేయువాడు కాపరియైనను. ఈ తీర్మానమును మొదట చదివినది ఆ విధవరాలి కుమార్తె. ఆమె ఇప్పుడు సంఘలెక్కలు వ్రాయుచున్నది. మొన్నటి లెక్కలో మేము ఖర్చు వ్రాసిన ఒక రసీదు ఏదని అడిగెను. వెదకి తెచ్చి యిచ్చితిమి. మా మనస్సు సంతోషించెను.

గృహకూటములలో చర్చించుటకు ప్రశ్నలు

1. బెరయవారు వెదకుటకును థోమా సందేహించుటకును పోలిక యేమి? భేదమేమి?
2. మన యింటి అప్పులకు ఏడాది వడ్డీ నూటికి ఎంత పడుచున్నది? పిల్లలచేత లెక్క వేయించుడి.
3. మీ తాతముత్తాతలు ప్రభువును ఎట్లు ఎరిగిరి? ఇంటిలోని వృద్ధులను అడిగి వ్రాసి యుంచుడి.
4. మన సంఘములో ఎవరి స్వరము వినబడుట లేదు?

ప్రార్థన

సత్యస్వరూపివైన తండ్రీ, వినుటకు చెవులను, వెదకుటకు ఓపికను, అడుగుటకు ధైర్యమును మాకు దయచేయుము. మా మాట నమ్మి నష్టపోయినవారిని ఆదరించుము. మా తప్పులను ఒప్పుకొను వినయమును కాపరులకు ఇమ్ము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.